ఆల్టా రేంజరు స్టేషను: కట్టడము, మార్పులు

తెలుగునాట అడవి అంచు గ్రామములలో ‘రేంజరు’ అను మాటకు వివరణ మక్కర లేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వచ్చినది మొదలు ఆ ఉద్యోగియు, అతని కచేరియు, అతని సుత్తిముద్ర పడిన దుంగయు మన పల్లెల అనుభవములో చేరిపోయినవి. కాని అతడు కాపురమున్న యిల్లు మాత్రము మన చరిత్ర రచనలో చోటు సంపాదింపలేదు. కోటలకును, దేవాలయములకును దక్కిన ఆదరము దానికి దక్కలేదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అట్టి యిండ్లను కొన్నింటిని చారిత్రక కట్టడములుగా గుర్తించి పట్టికల కెక్కించిరి. వానిలో మోంటానా రాష్ట్రమున, బిటర్‌రూట్ నది పడమటి పాయ లోయలో నున్న ఆల్టా స్టేషను ఒకటి. అది ఒకే గది గల దుంగల ఇల్లు. 1899లో కట్టబడినది, అయిదేండ్లకే విడువబడినది, 1941లో ఉద్ధరింపబడినది, 1974లో జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చేరినది. కట్టిన తీరును మొదట వివరించి, అట్టి స్టేషన్లు కాలక్రమమున ఎట్లు మారెనో పిదప చూపుదును. మారని యిల్లు చరిత్రకు ఎక్కువ సాక్ష్యమిచ్చునా, మారిన యిల్లు ఇచ్చునా అన్నది నేను ముఖ్యముగా విచారింపదలచిన ప్రశ్న. ప్రాచీన గ్రంథముల పాఠములతో పనిచేయు మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

ఆ యిల్లు అక్కడికి ఎట్లు వచ్చెనో ముందుగా తెలియవలెను. 1891 మార్చి 3వ తేదీ నాటి చట్టము, ప్రభుత్వ భూములలోని అడవులను ప్రత్యేకించు అధికారమును అమెరికా అధ్యక్షునకు ఇచ్చెను. ఆ నెలలోనే అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ యెల్లోస్టోన్ జాతీయోద్యానమును ఆనుకొనియున్న అడవిని మొదటి రిజర్వుగా ప్రకటించెను. 1897 ఫిబ్రవరి 22న, జార్జి వాషింగ్టన్ జన్మదినమున, అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఒక్కనాడే పదమూడు రిజర్వులను, దాదాపు 2 కోట్ల 10 లక్షల ఎకరములను, ప్రకటించెను. బిటర్‌రూట్ వానిలో ఒకటి. పడమటి రాష్ట్రములలోని గనుల వారును, కలప వర్తకులును, పశువుల కాపరులును గగ్గోలు పెట్టిరి. అయినను అడవి కాగితము మీదనే రిజర్వు అయినది. కాపాడు మనిషి లేడు. 1898లో కాంగ్రెసు 75,000 డాలర్లు మంజూరు చేసిన పిమ్మటనే రేంజర్లు నియమింపబడిరి. అప్పటికి ఈ యడవులన్నియు ఇంటీరియర్ శాఖలోని జనరల్ లాండ్ ఆఫీసు అధీనమున నుండెను. గుర్రమును, జీనును, తిండిని రేంజరే తెచ్చుకొనవలెను. ఇంటి మాటను ఎవరును తలపెట్టలేదు.

ఇచ్చట ఒక విషయము చెప్పకుండ ముందునకు సాగుట న్యాయము కాదు. బిటర్‌రూట్ లోయ ఎవరును లేని నేల కాదు. అది సేలిష్ జాతివారి నివాసభూమి. వారి నాయకుడు షార్లో ఏండ్ల తరబడి కదలనని నిలిచినను, 1891 అక్టోబరులో తన జనముతో ఆ లోయను విడిచి ఉత్తరమున ఫ్లాట్‌హెడ్ ప్రాంతమునకు తరలిపోవలసి వచ్చెను. ఆల్టా ఇంటి మొదటి దుంగ పడుటకు అది ఎనిమిదేండ్ల ముందటి మాట. ‘తొలి స్టేషను’, ‘తొలి జెండా’ అను మాటలు చదువునపుడు ఈ తేదీని కూడ పక్కన ఉంచుకొని చదువవలెను. నల్లమలలో చెంచుల సంగతి ఎరిగిన మనకు ఇంతకంటె చెప్పనక్కర లేదు.

1899లో నథేనియల్ విల్కర్సన్, హెన్రీ టటిల్ అను ఇరువురు రేంజర్లు తమ సొంత సొమ్ము వెచ్చించి, తమ చేతులతోనే ఈ ఇల్లు కట్టిరి. సమీపమున నుండిన ఆల్టా అను గనుల ఊరి పేరే దానికి వచ్చినది. ఆ సంవత్సరము జూలై 4న దాని మీద జాతీయ పతాకము నెగురవేసిరనియు, రేంజరు స్టేషను మీద ఎగిరిన మొదటి పతాకము అదియే అనియు అక్కడివారు చెప్పుకొందురు.

కట్టడము అతి సామాన్యమైనది. ఆ దేశపు సరిహద్దు ప్రాంతములలో గనివాడును, వేటగాడును, కొత్తగా వచ్చిన సేద్యగాడును కట్టుకొనిన ఇల్లే ఇదియు. దుంగలను అడ్డముగా ఒకదానిపై నొకటి పేర్చి, మూలలలో గండ్లు చెక్కి, ఒకదాని గండిలో మరొకటి కూర్చుండునట్లు చేయుదురు. నిట్టాళ్లు ఉండవు, పేర్చిన గోడయే కప్పును మోయును. దుంగల నడుమ సందులను మట్టితోను, చెక్కపేళ్లతోను పూడ్తురు. ఆల్టా ఇంటి కప్పు మట్టికప్పు. రాయలసీమ మిద్దెను చూచినవారికి ఇది సులభముగా తెలియును: కొయ్యల మీద మట్టి పరచుటయే రెంటికిని మూలసూత్రము. కాని మన మిద్దె మీద ఎండ ఎక్కువ, వాన తక్కువ. చవుడు నీటిని కొంతవరకు ఆపును. అక్కడ మంచు నెలల తరబడి కప్పు మీద నిలిచి, వసంతమున కరగి, నీరై మట్టిలోనికి ఇంకును. మట్టి కింది వాసములు తడిసి పుచ్చును. అట్లే నేలను తాకియుండు అడుగు దుంగ అన్నింటికంటె ముందు చెడును. ఇటువంటి ఇంటికి ఆయువు పై నుండియు, కింది నుండియు ఒక్కమారే తరుగుచుండును. ఏటేట మరమ్మతు లేక అది నిలువజాలదు. దుంగల ఇంటిని గూర్చి ఎవరైనను ‘మొదటి రూపము’ అని పలికినపుడు ఈ మాట గుర్తుంచుకొనదగినది.

దీనిని ‘తొలి రేంజరు స్టేషను’ అనుట సమంజసమా అను వివాదము కూడ కలదు. వయోమింగ్ రాష్ట్రమున, షోషోని నది ఉత్తరపు పాయ ఒడ్డున, కోడీ పట్టణము నుండి యెల్లోస్టోన్ పోవు దారిలో వపిటి అను స్టేషను కలదు. అది 1903 నాటిది. మొదటి రిజర్వు ప్రకటింపబడిన అడవిలో, ప్రభుత్వ ధనముతో కట్టబడిన మొదటి స్టేషను అను కారణమున దానికి 1963లో ‘జాతీయ చారిత్రక చిహ్నము’ అను ఉన్నత గౌరవము దక్కెను. ఆ కాలమున ఆ అడవికి ప్రత్యేక పర్యవేక్షకుడుగా నుండిన ఏ.ఏ. ఆండర్సన్ వృత్తిచేత చిత్రకారుడు. ఈ ఉద్యోగములోనికి అట్టివారును వచ్చుచుండిన దినములవి. నా అభిప్రాయమున ఈ రెండు ‘తొలి’లకును పొత్తు కుదరకపోలేదు. ఆల్టా రేంజర్లు కట్టుకొనిన తొలి ఇల్లు. వపిటి ప్రభుత్వము కట్టించిన తొలి ఇల్లు. ఈ రెంటి నడుమ గడచిన నాలుగేండ్లలో, ఉద్యోగికి ఇల్లు ఉద్యోగములో భాగమనెడి గుర్తింపు ప్రభుత్వమునకు కలిగినది. ‘మొదటిది ఏది’ అను ప్రశ్న కంటె ఈ నాలుగేండ్లు నాకు విలువైనవిగా తోచుచున్నవి.

1904లో ఆల్టా కథ ఒక మలుపు తిరిగెను. సర్వే జరిగినపుడు ఆ యిల్లు ఒక గని హక్కుకు చెందిన నేల మీద నున్నదని తేలెను. అడవి సరిహద్దులను కాపాడ వచ్చినవారు తమ ఇంటినే ఇతరుల నేలపై కట్టుకొనిరి! నాటి పటములు ఎంత స్థూలముగా నుండెనో దీనివలన ఊహింపవచ్చును. స్టేషను విడువబడెను.

ఆ మరుసటి ఏడే పరిస్థితి అంతయు మారెను. 1905 ఫిబ్రవరి 1న రిజర్వు అడవులు ఇంటీరియర్ శాఖ నుండి వ్యవసాయ శాఖకు మార్పబడెను. గిఫర్డ్ పించో నాయకత్వమున అటవీశాఖ ఏర్పడెను. ఈ పించోకును మన దేశమునకును నిజమైన సంబంధ మొకటి కలదు. 1864 నుండి 1883 వరకు భారతదేశపు అడవులకు ఇన్స్పెక్టర్ జనరలుగా నుండి, మద్రాసు రాజధాని అటవీ పరిపాలనమును గూర్చి 1883లో సూచనలు ప్రకటించిన డీట్రిచ్ బ్రాండిస్‌కు, పదవీ విరమణానంతరము ఐరోపాలో శిష్యప్రాయుడైనవాడు పించో. ఆయన సలహాను అనుసరించియే చదువుకొనెను. మన నల్లమల, అక్కడి బిటర్‌రూట్ ఒకే గురువు ఆలోచనల నీడలోనికి వచ్చినవని చెప్పిన అతిశయోక్తి కాదు.

పించో 1905లో రేంజర్ల కొరకు ఒక చిన్న కైపుస్తకమును వెలువరించెను. జేబులో పట్టు పరిమాణమది. ‘యూజ్ బుక్’ అని దానికి వాడుక పేరు. దాని తొలి కూర్పులలో ఇండ్లను గూర్చిన ఆదేశములు పరిశోధకునకు మిక్కిలి విలువైనవి. ఇండ్లు సాధారణముగా దుంగలతో కట్టవలెననియు, కప్పు చెక్కపలకలతో నేయవలెననియు అందు గలదు. వీలైనంతవరకు నివాసగృహములకు మట్టికప్పు వేయరాదని స్పష్టముగా చెప్పబడినది. ఇల్లు ఉద్యోగి కుటుంబమునకు చాలినంత ఉండవలెననియు, మరీ చిన్నదిగా కట్టుట తరచు జరుగు తప్పనియు, దానిని మానవలెననియు ఉన్నది. చిన్న పొలమునకును, కొన్ని గుర్రములకును, ఒకటి రెండు ఆవుల మేతకును సరిపడు నేల పక్కన నుండవలెనట. ఈ మాటలను ఆల్టా ఇంటి ముందు నిలుచుండి చదివినచో, ఒక్కొక్కటియు ఆ యింటిని ఖండించుచున్నట్లే యుండును. మట్టికప్పు, ఒకే గది, ఇద్దరు ఒంటరి పురుషుల మకాము. తాను పుట్టిన ఇంటినే దోషముల పట్టికగా వ్రాసికొని అటవీశాఖ తన వాస్తుశాస్త్రమును మొదలుపెట్టినది.

అయితే ఆదేశము వేరు, డబ్బు వేరు. ఒక్కొక్క కట్టడమునకు ఖర్చు ఇంత మించరాదని కాంగ్రెసు హద్దు పెట్టుచుండెను. 1910ల దశకమున ఆ హద్దు 650 డాలర్లు. ఆ కాలపు స్టేషన్లలో కనబడు అనేక మార్పులకు మూలము ఇందే యున్నదని నా నమ్మకము. ఒక్కసారిగా పెద్ద ఇల్లు కట్టుటకు వీలు లేనపుడు, మొదట రెండు గదులు కట్టుదురు. కొన్నేండ్లకు వెనుక ఒక పంచ దించుదురు. ఆ పంచ వంటయిల్లగును. మరికొన్నేండ్లకు ముందు వసారాకు గోడ పెట్టి కచేరి చేయుదురు. వాస్తుశిల్పి గీచిన ప్రణాళిక కాక, ఏటేటి మంజూరులే ఇంటి రూపమును నిర్ణయించినవి.

ఆ వంటయింటిని గూర్చి ఒకటి చెప్పవలెను. 1910 ఆగస్టు 20, 21 తేదీలలో ఐడహో, మోంటానా అడవులలో రేగిన మహాగ్ని దాదాపు 30 లక్షల ఎకరములను దహించి, ఎనుబది మందికి పైగా ప్రాణములను బలిగొనెను. అటుపిమ్మట నిప్పు కనిపెట్టు కావలి గోపురములును, వానిని స్టేషన్లతో కలుపు టెలిఫోను తీగలును అడవుల నిండ వ్యాపించినవి. టెలిఫోను పెట్టె గోడకు వచ్చినది. రేంజరు గుర్రమెక్కి పోయిన తరువాత దానికి బదులు పలుకునది ఎవరు? అతని భార్య. నిప్పు వార్త అందుకొనుట, దానిని పై స్టేషనుకు చేర్చుట, మంటలార్పు కూలీలకు వండి పెట్టుట ఆమె పనులైనవి. జీతము లేదు. కాబట్టి టెలిఫోను బిగించిన గోడ, పెంచిన వంటయిల్లు, అదనముగా వేసిన అలమార మొదలగునవి రికార్డులలో పేరు లేని ఒక ఉద్యోగిని ఉనికిని తెలుపు ఆధారములు. వీనిని ‘తరువాత చేర్చినవి’ అని ఊడబెరికిన, ఆమెకు ఉన్న ఒక్క శాసనమును చెరిపినట్లే.

1933లో ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ప్రభుత్వము నిరుద్యోగ యువకుల కొరకు ‘సివిలియన్ కన్సర్వేషన్ కోర్’ అను దళమును నెలకొల్పెను. అది 1942 వరకు సాగెను. ఆ తొమ్మిదేండ్లలో రేంజరు స్టేషను రూపమే మారెను. కూలి కరవు తీరెను; డబ్బు వచ్చెను; అటవీశాఖ ప్రాంతీయ కార్యాలయములలో వాస్తుశిల్పులు చేరిరి. 1938లో శాఖ సలహా వాస్తుశిల్పి డబ్ల్యు. ఎల్లిస్ గ్రోబెన్ ఆమోదయోగ్యమైన ప్రణాళికల సంపుటమును ప్రకటించెను. ప్రతి ప్రాంతమునకు అక్కడి శీతోష్ణములకును, అక్కడి రాతికిని, కొయ్యకును తగిన శైలి యుండవలెనని ఆయన వాదము. వాయవ్య రాష్ట్రములలో కిటికీ రెక్కల మీదను, కప్పు ముందటి త్రికోణపు పలకల మీదను దేవదారు చెట్టు ఆకారమును కోసి చెక్కుట ముద్రవలె వాడుకలోనికి వచ్చెను. ఆరెగాన్ రాష్ట్రమున మౌంట్ హుడ్ అడవిలోని క్లాకమస్ లేక్ స్టేషను ఈ కాలపు నిర్మాణములకు మంచి ఉదాహరణము. ప్రధానముగా 1933, 1935 సంవత్సరముల నడుమ కట్టబడిన ఇండ్లు, కచేరి, గుర్రపుశాల మొదలగునవి పదకొండు కట్టడములు అచ్చట గుంపుగా నున్నవి. వానిలో మోటారు బండ్లకు పెట్రోలు పోయు కట్టడము కూడ కలదు. గుర్రపుశాలకును, పెట్రోలుకును ఒకే ఆవరణలో ఒకే కాలమున చోటు ఇచ్చినారన్నమాట. కొలది సంవత్సరములలో ఎక్కడెక్కడి గుర్రపుశాలలో మోటారు షెడ్లుగా మారినవి. శాల తలుపు వెడల్పు చేసిన గుర్తును చూచి రాకపోకల చరిత్రలో ఒక అధ్యాయము చదువవచ్చును.

రెండవ ప్రపంచయుద్ధానంతరపు కథను త్వరగా ముగింతును. రోడ్లు వేయబడినవి, రేంజి జిల్లాలు కలిపివేయబడినవి, కచేరీలు పట్టణములకు తరలినవి. లోపలి స్టేషన్లు కొన్ని కూలినవి, కొన్ని సామాను కొట్లైనవి, కొన్ని యాత్రికులకు అద్దెకిచ్చు విడుదులైనవి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. 1966 నాటి జాతీయ చారిత్రక సంరక్షణ చట్టము తరువాత ఇట్టి కట్టడముల విషయమున నియమములు ఏర్పడినవి. 1995లో సవరింపబడిన నియమములు నాలుగు పద్ధతులను పేర్కొనుచున్నవి: ఉన్నది ఉన్నట్లు కాపాడుట, కొత్త అవసరమునకు మలచుట, ఒక కాలపు రూపమునకు తిరిగి తెచ్చుట, పోయినదానిని మరల కట్టుట. మొదటి రెండు పద్ధతులలోను, కాలక్రమమున జరిగిన మార్పులు తమంతట తాము చారిత్రక ప్రాధాన్యము సంపాదించుకొనినచో వానిని నిలుపవలెనని కట్టడి కలదు. మూడవ పద్ధతిలో ఆ కట్టడి సడలును: ఎంచుకొనిన కాలమునకు చెందని మార్పులను తొలగింపవచ్చును, తొలగించుటకు ముందు వానిని నమోదు చేయవలెను. 1964 నాటి వెనిస్ ఒడంబడిక కూడ అన్ని కాలముల చేర్పులను గౌరవింపవలెననియే చెప్పినది.

ఇది అచ్చముగా పరిష్కర్త సమస్య. ప్రాచీన కావ్యమును పరిష్కరించువాడు ప్రక్షిప్తములను ఏరివేసి కవి హృదయమునకు చేరవలెనని యత్నించును. అది తగిన పనియే. కాని ఏరివేసిన పద్యమును అడుగున చూపని పరిష్కర్తను మనము క్షమింపము. ఆ ప్రక్షిప్తము ఏ శతాబ్దమున ఏ ఊరిలో ఏ పాఠకుల అభిరుచికి పుట్టెనో అదియును సాహిత్య చరిత్రయే. అయితే గ్రంథమునకును కట్టడమునకును ఒక పెద్ద భేదము కలదు. పరిష్కృత ప్రతి అచ్చయిన తరువాత కూడ తాళపత్రము భద్రముగా నుండును. మరియొకడు వచ్చి మరల చదువవచ్చును. బ్రౌను దొర పండితులచే శుద్ధప్రతులు వ్రాయించినను, వానికి మూలమైన పాత ప్రతులు ఎన్నో నిలిచినవి. ఇంటి విషయమున శుద్ధప్రతి వ్రాయుట యనగా తాళపత్రమునే గీకుట. తీసిన గోడ తిరిగి రాదు. కనుకనే, మారిన స్టేషన్లను మొదటి రూపమునకు తెచ్చు ఉత్సాహమును నేను సందేహముతో చూతును. అట్టి ప్రయత్నము తప్పదన్నచోట కూడ, కొలతలు, చిత్రములు, తీసిన కొయ్య నమూనాలు నిలుపకుండ గునపము తాకరాదు.

ఆల్టా ఇంటి ఆకర్షణ ఏమనగా, దానికి మార్పులు లేవు. రేంజర్లు విడిచినప్పటి రూపమే మన ముందున్నది అను భావము. ఈ భావమును కొంచెము పరీక్షింపవలెను. దానికి మార్పులు లేకపోవుటకు కారణము అది బాగుగా కాపాడబడుట కాదు, అటవీశాఖ వాడుకలో నిలువకపోవుట. గని హక్కు అడ్డుపడకున్నచో, అయిదు పదేండ్లలో మట్టికప్పు పోయి చెక్కకప్పు వచ్చియుండును, రెండవ గది వచ్చియుండును, టెలిఫోను వచ్చియుండును, పిదప 1930లలో దానిని తీసివేసి, దేవదారు గుర్తు చెక్కిన కిటికీలతో కొత్త ఇల్లు కట్టియుందురు. పనిచేసిన స్టేషన్లు మారినవి. పని ఆగిన స్టేషను మారలేదు. కాబట్టి ఆల్టా ఇల్లు రేంజరు జీవితమునకు ప్రతినిధి కాదు, దాని మొదటి పుట మాత్రమే.

పైగా 1941 నాటి ఉద్ధరణ ఒక మార్పు కాదా? ముప్పది యేడేండ్లు శాఖ ఆలన లేక మంచులో నిలిచిన మట్టికప్పు ఇంటిని నిలువబెట్టుట యనగా ఊడ్చి తుడుచుట కాదు. శాఖ తన కైపుస్తకములో వలదన్న మట్టికప్పును ఇప్పుడు అదే శాఖ భక్తితో కాపాడవలసి వచ్చినది. 1899లో గత్యంతరము లేక వేసిన కప్పు, 1941 తరువాత జ్ఞాపకార్థము నిలుపు కప్పు. మట్టి ఒకటే, అర్థము వేరు. ఇద్దరు ఉద్యోగుల మకాము స్మారకమైనది. కాపురమునకు కాక చూపునకు నిలుచుటయే ఆ యింటికి జరిగిన మార్పులలో పెద్దది, అందుకు దుంగలను కొలిచిన ఆధారము దొరకదు.

దానికి ఆధారము దస్తావేజులలో నున్నది. ఆ పనిని తలపెట్టినది ప్రభుత్వము కాదు. లోయలోని హామిల్టన్ పట్టణపు లయన్స్ క్లబ్బు. ఆ క్లబ్బువారు 1941లో ఆ స్థలమును కొని అటవీశాఖకు దానముగా ఇచ్చిరి. 1904లో సర్వే గీచిన గీత వలన ప్రభుత్వము విడిచిపోయిన ఇల్లు, ఊరివారి కొనుగోలు వలన ప్రభుత్వమునకు తిరిగి చేరినది. విల్కర్సన్, టటిల్ సొంత సొమ్ముతో కట్టిన ఇంటికింద నేల అప్పటికి గాని శాఖది కాలేదు.